ఎలీషా జోడు లెక్క

మా ఎలీషాకు ఇరవై రెండేళ్ళుగా చక్రాలు తప్ప వేరే లోకం లేదు. నంద్యాలలో ఆళ్ళగడ్డ రోడ్డు మీద టైర్ల షాపు. ఏ కారొచ్చినా ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాల్సిందే. ఎందుకంటే, "జోడు సమంగా అరగాల గదప్పా" అంటాడు. అది ఎద్దులు సాకిన తండ్రి దేవసహాయం మాట. ఇక ఆయన దగ్గర నేర్చుకునేది ఏమీ లేదని మావాడి నమ్మకం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మొన్నొక పొద్దున బట్టల వ్యాపారి కాశీవిశ్వనాథం కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ పెద్ద కారు తెచ్చాడు.

"మలుపులో స్టీరింగు ఎంత తిప్పినా బండి ముక్కు బయటికే పోతాంది ఎలీషా. సాయంత్రం మా ఇంటామెతో ఆళ్ళగడ్డకు పోవాల. బేగా చూడు."

చూసిన ఎలీషాకు బుర్ర తిరిగింది. ముందు టైర్లు సన్నవి, వెనకవి వెడల్పువి. ఎత్తు మాత్రం నాలుగూ ఒకటే. ట్రాక్టరుకైతే సరే, కారుకెందుకు? తిరిగేది ముందు చక్రాలు కదా, మరి వెడల్పువి ముందుండాలి కదా? ఒకసారి ఆలోచిస్తే సరే అనిపించింది, ఇంకోసారి ఆలోచిస్తే కాదనిపించింది. చివరికి అలవాటైన పనే చేశాడు. మార్చేశాడు.

షాపులో కూర్చున్న తండ్రిని ఎక్కించుకుని ఊరి బయటికి తీశాడు. మొదటి మలుపులో ముక్కు చెప్పినట్టు విన్నది. ఎలీషా మురిసిపోయాడు. రెండో మలుపు దగ్గర రోడ్డు వానకు తడిసి ఉంది. ఉన్నట్టుండి కారు వెనక భాగం పక్కకు జారింది. బండి అడ్డం తిరిగి శనగ చేలోకి దిగి ఆగింది.

ముసలాయనకు దెబ్బ తగల్లేదు. ఎలీషాకు మాత్రం ఏడుపొచ్చింది.

"ముందర పట్టు దొరికింది, ఎనక పట్టు పోయింది. ఏందీ నాయనా ఇది? నీ జోడు లెక్కే చేసినా గదా!"

"కాడి కింద పక్కపక్కన నడిచేదిరా జోడంటే," అన్నాడు దేవసహాయం కండువాతో మొహం తుడుచుకుంటూ. "పెద్ద మడకకు నాలుగెద్దులు కట్టి దున్నేటప్పుడు ముందు జతను ఎనక్కి మార్చినానా ఎప్పుడన్నా? ముందుది చురుకు జత, దావ పట్టిస్తాది. ఎనకది బలమైన జత, మడకను నిలబెడతాది. దేని పని దానిదే."

ఎలీషా షాపుకొచ్చి టైర్లు మళ్ళీ యథాస్థానంలో బిగించాడు. బురద కడిగేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కడగలేదు.

సాయంత్రం కాశీవిశ్వనాథం భార్యతో వచ్చాడు. ఎలీషా జరిగిందంతా చెప్పేశాడు.

"కారులో తప్పు లేదన్నా. తోక జారకుండా కంపెనీవాళ్ళే ఎనకవి వెడల్పు పెట్టినారు. మలుపుకు ముందే నువ్వు స్పీడు తగ్గియ్యాల, అంతే."

కాశీవిశ్వనాథం బురదను చూశాడు, భార్యను చూశాడు. మొహం పాలిపోయింది. "ఇరవై రెండేళ్ళ పనోడివి, నీకే తెలీదా ఎలీషా?"

ఎలీషా మూలన కూర్చున్న తండ్రి వైపు చెయ్యి చూపించాడు.

"ఏమన్నా అడగాలంటే ఆయన్నడుగన్నా. నేను ఈ పొద్దే పనిలో చేరినా."