తడిసి దిగు

ఉరిమిందంటే పాచిపెంట పైకొండల్లో జనమంతా వాకిట్లోకి వస్తారు. సోమన్న మాత్రం ఇంట్లో దూరి తలుపేసుకుంటాడు. తొలివాన కోసం ఊరంతా మొగం పైకెత్తి చూస్తుంటే, నలభై ఏళ్ల మగాడు, కొండపోడు కొట్టిన చేతులవాడు, చల్లగాలికి జడుస్తాడు! గల్ఫ్ నుంచి వచ్చాక వీడికి గాలి సోకిందని నవ్వుకుంటారు. నవ్వేవాళ్లకేం తెలుసు?

నాలుగేళ్ల కిందట సోమన్న, వాళ్ల అప్ప, అంటే అక్క, సోములమ్మ మొగుడు ధనుంజయ్ కలిసి గల్ఫ్‌లో ఒక ఎడారి నగరానికి మేడలు కట్టే పనికి వెళ్లారు. బావా బావమరుదులు, ఒకే గది, ఒకే కుండ తిండి. పది నెలలు చినుకు చూడలేదు. కాఫీ తోటల నీడలో పెరిగినవాళ్లకు అంతకన్నా నరకం ఏముంటుంది? పొద్దస్తమానం వాన ముచ్చట్లే చెప్పుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం దూరంగా నల్లమబ్బు లేచింది. ఉరిమింది. చల్లగాలి మొగాన కొట్టింది. మన కొండల్లో ఆ గాలి తగిలిందంటే చుట్ట సగం కాలేలోగా వాన పడాల్సిందే. అక్కడ మాత్రం పని ఆపి దిగిపొమ్మని సైరన్ మోగింది. అందరూ పరంజాల మీంచి దిగిపోతున్నారు. నాలుగో అంతస్తు దగ్గర ధనుంజయ్ కూడా కిందికి కాలు పెట్టాడు. కింద సిమెంటు కలుపుతున్న సోమన్నకు ఆనందం పట్టలేదు.

"బావా, అప్పుడే దిగిపోతన్నావేటి? మనూరి గాలే ఇది! తడిసి దిగు!"

ధనుంజయ్ నవ్వి, తలగుడ్డ విప్పి, మొగం పైకెత్తి నిలబడ్డాడు.

వాన రాలేదు. మబ్బులోని చినుకులు నేల చేరకముందే ఆవిరైపోతాయట అక్కడ, గాలొక్కటే దిగుతుందట. ఆ ముక్క తరవాత ఎవరో చెప్పారు. ఏం లాభం? ఆ గాలి ఎడారినంతా ఊడ్చుకుని, కొండంత ఎత్తున దుమ్ము లేపుకుని మీద పడింది. దుమ్ము అణిగేసరికి పరంజా లేదు, ధనుంజయ్ లేడు.

సైరన్ మోగినా దిగలేదని కంపెనీవాళ్లు కాగితం రాసిచ్చారు. సోమన్న ఆ కాగితాన్నీ బావ బట్టల పెట్టెనూ మోసుకొచ్చి అప్ప చేతిలో పెట్టాడు. నోరు మాత్రం విప్పలేదు, పిరికిపంద.

ఈ ఏడు తొలిగాలి లేచేసరికి సోమన్న అప్ప వాకిట్లోనే చింతపండు మూటలు కడుతున్నాడు. పారిపోయే వీల్లేకపోయింది. సోములమ్మ కూతురు భాను చేతులు చాపుకుని గాలికి ఎదురుగా నిలబడింది.

"గుంటా, బేగి లోపలికి రా! ఏటి సేత్తన్నావక్కడ?" అని సోములమ్మ కేకేసింది.

పిల్ల కదల్లేదు. సోములమ్మకు ఒళ్లు మండింది.

"అయ్య బుద్దే వచ్చినాది దీనికి! ఆ మొండి సచ్చినోడు ఒకరి మాటింటే గదా! దిగమంటే దిగకండా మమ్మల్ని నట్టేట ముంచేసి పోనాడు!"

మూడేళ్లుగా ప్రతి తొలివానకూ ఈ తిట్లు చచ్చిన మనిషికే. సోమన్న పక్కింట్లో తలుపు చాటున అవన్నీ వింటూనే ఉన్నాడు. ఈసారి మధ్యలో తలుపు లేదు. చేతిలోని తాడు జారిపోయింది.

"బావను తిట్టకే అప్పా. బావ మాటిన్నాడే. నా మాటే ఇన్నాడు."

"ఏటన్నావురా?"

చెప్పాడు. ఆ రోజు కిందనుంచి తనన్న రెండు ముక్కలూ అలాగే చెప్పాడు.

చినుకులు మొదలయ్యాయి. చింతపండు తడిసిపోతోంది. సోములమ్మ మూట ఎత్తలేదు, పిల్లను పిలవలేదు. పొమ్మని అయినా అంటుందేమోనని సోమన్న ఆ వానలోనే నిలబడ్డాడు. అదీ అనలేదు.