ఎర్ర ట్యాగు మీద నా పేరు

ఈ పొద్దున్న భిలాయి పక్క రిసాలిలో మా వరండాలో కూర్చుని టీ తాగుతుంటే, పక్కింటి గేటు లోపల ఏదో అట్ట టపటపా కొట్టుకుంటున్న చప్పుడు. లేచి చూశాను. కొత్త మోటారుసైకిలు! హ్యాండిలుకి షోరూమువాళ్ళు కట్టిన కార్డు ఇంకా విప్పలేదు, గాలికి ట్యాంకు మీద కొట్టుకుంటోంది. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, బండి నడపడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆ నల్లటి మెరుపు చూడగానే, ఇది నాది కాదే అని ఒళ్ళు మండింది. వయసుతో పాటు ఈ రోగమూ పోతుందనుకున్నాను. పోలేదు. రోగంతో పాటే సింహాచలం బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయంటే మాకేమీ చుట్టరికం లేదు. ఆయన విజయనగరం వైపు నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో ఖలాసీగా చేరి, మరమ్మతుల షాపుకి ఫోర్‌మన్ అయిన మనిషి. నేను డిప్లొమా కాగితం పట్టుకుని ఆయన కింద చేరాను. క్వార్టర్లు కూడా పక్కపక్కనే పడ్డాయి, నా ఖర్మ కొద్దీ. ఇంగ్లీషు ముక్క రాని మనిషి నాకు పని నేర్పడమేమిటన్న మంట మొదటి రోజే మొదలైంది. తిరుగుతున్న బేరింగు చప్పుడు విని ఎక్కడ అరిగిందో ఆయన ఇట్టే చెప్పేసేవాడు. నేను పుస్తకాలు తిరగేసి, గంట తర్వాత అదే మాట చెప్పేవాణ్ణి. షాపులో అందరూ ఆయన్నే అడిగేవారు. నన్ను టీ తెమ్మనలేదు, అదొక్కటే తక్కువ.

ఆయన ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ప్లాంటులో ఏ యంత్రం విప్పినా ముందు దాని స్విచ్చికి ఎర్ర అట్ట ట్యాగు కట్టాలి. కట్టినవాడి పేరు, సంతకం దాని మీద ఉండాలి. పని పూర్తయ్యాక వాడే స్వయంగా చూసుకుని విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. వయసులో ఉన్నప్పుడు బాబాయి చెయ్యి యంత్రం లోపలుండగా ఎవరో తొందరపడి ఆయన ట్యాగు విప్పి స్విచ్చి వేశారు. ఆ వేళ్ళు అలా పోయాయి. "కట్టినోడే ఇప్పాలిరా. మినిస్టరొచ్చి నిల్చున్నా సరే, కట్టినోడే ఇప్పాల" అనేవాడు. నాకు వెయ్యిసార్లు చెప్పుంటాడు. ప్రతిసారీ ఆ మిగిలిన మూడు వేళ్ళూ నా ముఖం ముందు ఆడించేవాడు.

తొంభైల్లో, మా క్వార్టర్ల వరసలో మొదటి మోటారుసైకిలు కొన్నది ఆయనే. మేమంతా సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, మా ఆవిడ వరలక్ష్మే హారతి పళ్ళెం పట్టుకుంది. "ఎంత బాగుందండీ మావయ్యగారి బండి!" అని ఆ రోజు ఎన్నిసార్లందో లెక్కలేదు. నేను బండి చుట్టూ తిరిగి, "రంగు ఇంకొంచెం ముదురుంటే బాగుండేది బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పట్నుంచి ఆ బండి స్టార్టయిన ప్రతిసారీ నా అన్నంలో రాయి పడ్డట్టుండేది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. నాకు కళ్ళు కుట్టాయి, బాగా కుట్టాయి.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం బాబాయి కవరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "ఇదేటో కంపెనీ కాయితంరా. ఇంగ్లీసులో ఉంది. సదివి సెప్పు."

చదివాను. ముందు బ్రేకులో చిన్న చెయ్యిలాంటి ఒక భాగం విరిగే ప్రమాదం ఉందట. బండి మీద చెక్కిన నంబరు కాగితంలో ఇచ్చిన వరసలో ఉంటే నడపడం వెంటనే ఆపాలి, వేరే వాహనంలో ఎక్కించి డీలరు దగ్గరికి తేవాలి, భాగం ఉచితంగా మారుస్తారు, మార్చినట్టు చీటీ తీసుకోవాలి. వెళ్ళి బండి హ్యాండిలు కింద మెడ మీద మట్టి తుడిచి నంబరు చూశాను. ఆ వరసలో ఉంది. జిలేబీ నోట్లో పెట్టుకున్నట్టయింది నాకు. అబద్ధం చెప్పక్కర్లేకుండానే ఆ బండిని ఆపే అవకాశం దొరికింది మరి!

"ముట్టుకోకు బాబాయ్. ప్రాణం మీదికొస్తుంది" అన్నాను, చాలా బాధపడుతున్నట్టు.

ఆయన తన ఇంట్లోకెళ్ళి ప్లాంటు ఎర్ర ట్యాగొకటి తెచ్చాడు. "సదివినోడివి నువ్వు, ఆపమన్నోడివి నువ్వు. సంతకం ఎట్టు. నువ్వే కట్టు, నువ్వే ఇప్పాల" అన్నాడు. పెట్టాను. సంతోషంగా హ్యాండిలుకి రెండు ముళ్ళు వేసి మరీ కట్టాను.

భిలాయి పక్కనే హథ్‌ఖోజ్‌లో లేత్ షాపు నడిపే తెలిసినాయన టెంపోలో బండి డీలరు దగ్గరికి వెళ్ళింది, వారం తర్వాత కొత్త భాగంతో అలాగే టెంపోలో తిరిగొచ్చింది. ట్యాగు హ్యాండిలుకే ఉంది. "బాగయ్యిందన్నారు. ఓపాలి సూసి ఇప్పీరా" అన్నాడు బాబాయి. "రేపు చూస్తా" అన్నాను. మర్నాడు తలనొప్పి. ఆ మర్నాడు ఓవర్‌టైము. తర్వాత వాన, తర్వాత వెలుతురు చాలదు. తొమ్మిది రోజులు సాగదీశాను. ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. తానే విప్పుకుని ఉంటే అడిగేవాడెవడు? విప్పలేదు. రోజూ ఆ ట్యాగు గాలికి టపటపా కొట్టుకుంటుంటే, ఆయన దాని పక్క నుంచి సైకిలు తోసుకుంటూ పోయేవాడు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి.

అప్పుడే పిన్నికి, అంటే ఆయన భార్యకి, కంటి ఆపరేషనైంది. రోజు మార్చి రోజు కట్టు మార్పించుకోవాలి, కుదుపు తగలకూడదన్నాడు డాక్టరు. మధ్యాహ్నం షిఫ్టు దిగొచ్చి బాబాయి ఆవిణ్ణి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. గుంత వచ్చినచోట దిగి తోసేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

తొమ్మిదో రోజు పిన్ని దగ్గర్నుంచి వరలక్ష్మి రుసరుసలాడుతూ వచ్చింది. "ఆ బండి బాగయ్యి తొమ్మిది రోజులైందంట. విప్పాల్సింది మీరంట! ఏటండీ ఇది? ఆవిడ కంటికి కట్టుతో సైకిలు మీద ఎళ్తంటే మీకు ముద్దెలా దిగతంది?"

టార్చిలైటు తీసుకుని వెళ్ళి బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇక్కడా నిజమే చెబుతాను. నా బుద్ధి మారి కూర్చోలేదు. ఏదో ఒక లోపం దొరికితే తొమ్మిది రోజులకీ సాకు దొరుకుతుందని కూర్చున్నాను. ప్రతి బోల్టూ, ప్రతి నట్టూ గీకి గీకి చూశాను. దొరికింది! బ్రేకు తీగని పట్టి ఉంచే పిన్ను జారిపోకుండా దాని చివర ఒక చిన్న వంచిన తీగ గుచ్చాలి. కొత్త భాగం వేసినవాళ్ళు అది గుచ్చడం మరిచిపోయారు. నాలుగు కుదుపులు తగిలితే పిన్ను ఊడుతుంది, ముందు బ్రేకు ఉండదు. "దొరికింది!" అని పైకే అరిచాను, పండగలా. తర్వాత అసలు సంగతి తట్టింది. మొదటి రోజే పైపైన చూసి విప్పేసి ఉంటే, పిన్ని ఆ బండి వెనకే కూర్చునేది.

నా అరుపుకి బాబాయి బయటికొచ్చి వంగి చూశాడు. తన పనిముట్ల పెట్టెలోంచి తీగ తెచ్చి, మూడు వేళ్ళ చేత్తో పట్టుకుని గుచ్చి వంచాడు. తాళం నా చేతిలో పెట్టాడు. "నడిపి సూడు. సూడకుండా ఇప్పకూడదు." ఇన్నాళ్ళూ కలలో నడిపిన బండిని వీధి చివరిదాకా నడిపి, గట్టిగా బ్రేకు వేసి, తిరిగొచ్చి ట్యాగు విప్పాను.

"నీకు కుళ్ళని నాకు తెల్దనుకున్నావేట్రా?" అన్నాడు మెల్లగా. "తెలిసే నీ సేత కట్టించేను. కుళ్ళుబోతోడు ఎతికినట్టు లోపం ఇంకెవుడెతుకుతాడు?"

మర్నాడు షాపంతా నన్నే పొగిడింది. "జాన్ బచా దీ భయ్యా!" అని, ప్రాణం కాపాడావంటూ వీపు తట్టారు. బాబాయే అందరికీ చెప్పాడు, పిన్ను సంగతి మాత్రమే. తాను రిటైరైన రోజు మీటింగులో కూడా, "ఈడు మా ఇద్దరి పేణం కాసేడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. తొమ్మిది రోజుల మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం, అన్నాళ్ళూ దాచిన ఆ ట్యాగు నాకిచ్చి వెళ్ళిపోయాడు. వెనకవైపు గళ్ళుంటాయి. కట్టిన తేదీ, పని పూర్తయిన తేదీ, విప్పిన తేదీ, అన్నీ తన వంకర అక్షరాలతో నింపాడు. ఆఖరి గడి "ఆలస్యానికి కారణం". దాన్ని మాత్రం ఖాళీగా వదిలాడు. ఆయన పోయాక కూడా ఎన్నోసార్లు పెన్ను తీశాను. వాన అని రాద్దామా, ఓవర్‌టైమని రాద్దామా అనుకుని మూత పెట్టేసేవాణ్ణి.

ఇవాళ టీ చల్లారిపోయింది. పెట్టెలోంచి ట్యాగు తీసి, ఆ గడిలో "కుళ్ళు" అని రాసి, కింద సంతకం పెట్టాను. తర్వాత టార్చిలైటు వెతుక్కుని, ఆ కొత్త బండి పిన్నులు చూసొద్దామని పక్కింటి గేటు తట్టాను.