సోంబరు అడిగిన తోకపలక

వీధిబడిలో నాలుగేళ్ళు చదివాను. పద్యాలు నలభై నోటికి వచ్చు. సీలేటి రేవుల్లో తిరిగే దోనెల్లో పద్నాలుగు నా చేతివే. ఈ కొండ ఊళ్ళకు పెద్ద అయిన ముఠాదారు నలుగురిలో నాకు జరీ తలపాగా కట్టించాడు. ఇవన్నీ చెప్పుకోవడం నాకు ఇష్టం. ఇవాళ మాత్రం సోంబరు గురించి రాయడానికి కూర్చున్నాను.

సోంబరు ఈ కొండల్లోనే పుట్టినవాడు. తండ్రి తరవాత రేవులో తెడ్డు పట్టాడు. దాటించినందుకు ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. కోతలయ్యాక ఊళ్ళవాళ్ళు పెట్టే చోళ్ళూ సామలే అతనికి తిండి. నీళ్ళలో చెయ్యి పెట్టి, ఎగువన వాన పడిందో లేదో చెప్పేవాడు. భయపడే ముసలమ్మలను దోనె మధ్యలో కూర్చోబెట్టి, కోడళ్ళ సంగతి కదిపేవాడు. వాళ్ళ తిట్లు పూర్తయ్యేలోపు అవతలి ఒడ్డు వచ్చేసేది.

నేను కింద మైదానం నుంచి వచ్చిన వడ్రంగిని. మా ఇద్దరికీ కుదిరి, పెద్దల ఎదుట నేస్తం కట్టుకున్నాం. నేస్తం కట్టుకున్నవాళ్ళు చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే ఆ నేస్తం తెగిపోయినట్టే.

పంతొమ్మిదివందల ఇరవైనాలుగులో పాత దోనె పుచ్చిపోతే కొత్తది నేనే చెక్కాను. దోనె అడుగున, వెనక కొసన నిలబెట్టే పలకను తోక అంటాం. దోనె దారి తప్పకుండా పట్టి ఉంచేది అదే. సోంబరు ఒక చేపను తెచ్చి నా ముందు పెట్టి, దాని రెక్కను వేలితో వెనక్కి వాల్చి చూపించాడు.

"ఇలాటిది కావాల నేస్తం. పొట్టిగుండాల, ఎనక్కి వాలుండాల. రాయి తగిల్తే జారిపోవాల."

నేను నవ్వాను. భీమిలిలో సముద్రం మీద తిరిగే పడవలు చూసినవాణ్ణి, చేపను చూసి నేర్చుకోవాలా అనుకున్నాను. మూరెడు లోతు పలక నిటారుగా బిగించాను. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న యర్రమ్మ అది చూసి, "ఏటి బాబూ, దోనెకి తోకెట్టినావా, నాగలెట్టినావా?" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఆ కోపానికి మరో రెండు మేకులు దిగ్గొట్టాను.

నిలకడ నీటిలో ఆ దోనె గీత గీసినట్టు నడిచింది. తొలకరి వానలకు ఏరు ఉరుకందుకుంది. విత్తనాల మూటలతో ఏడుగురు ఎక్కిన రోజున, ఏటి నడుమ నా పలక రాళ్ళ సందులో పట్టేసింది. తోక ఆగింది, ముందుభాగం తిరిగింది. దోనె ప్రవాహానికి అడ్డంపడి బోర్లాపడింది. ఏడుగురినీ సోంబరే ఒడ్డుకు లాగాడు. మూడు ఊళ్ళ విత్తనాలు ఏట్లో పోయాయి.

ముఠాదారు అందరినీ కూర్చోబెట్టాడు. తప్పు నడిపినవాడిదైతే రేవు అతని చేతిలోంచి పోతుంది. సోంబరు పలక మాటే ఎత్తలేదు. నేస్తాన్ని నలుగురిలో తప్పుపట్టడం ఇష్టంలేక, నేనే చెబుతానని నా వంక చూస్తూ ఊరుకున్నాడు. నన్ను అడిగారు.

"సోంబరు తిప్పలేకపోయాడు," అన్నాను.

ఆ పేరు నా నోట వినగానే సోంబరు తెడ్డు నేలమీద పెట్టి వెళ్ళిపోయాడు.

రేవు భీమన్న అనే మరో దోనెవాడికిచ్చారు. దోనె బాగుచేసే మిషమీద, ఎవరూ లేకుండా చూసి, నా పలక ఊడదీశాను. పొట్టిగా, వెనక్కి వాలుగా, అంచు పల్చగా ఇంకోటి చెక్కి పెట్టాను. అది రాళ్ళ మీద జారిపోయింది. తెడ్డు కాస్త కదిపితే దోనె తిరిగింది. ఆ తరవాత చెక్కిన తొమ్మిదింటికీ అదే తోక. ఊళ్ళలో దాన్ని నా పేరు పెట్టి సూర్యనారాయణ తోక అంటారు. తలపాగా దక్కింది కూడా దానికే. వద్దనలేదు. తల వంచి కట్టించుకున్నాను.

ఈ అయిదేళ్ళూ సోంబరు విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కోసి సంతకు మోస్తున్నాడు. నా దోనె ఎక్కడు. తేలడానికి నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టుకుని, ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని ఏరు ఈదుతాడు.

మొన్న సంతనాడు నేను దోనెలో ఉండగా అతను ఒడ్డున బుర్రలు కట్టుకుంటున్నాడు. ముడి పడటం లేదు. భీమన్నను ఆగమన్నాను. ఈ తోక నాది కాదని, ఇతను అడిగినదని, ఆనాడు దోనెను ముంచింది నా పలకేనని అందరికీ వినబడేలా చెప్పాను. రా నేస్తం, ఎక్కు అని చెయ్యి చాపాను.

అతను ముడి బిగించి, మోపు ఎత్తుకుని, నీళ్ళలోకి దిగాడు.

"నాకు బుర్రలున్నాయి. నువ్వెల్లు, సూర్యనారాయణా."