రోడ్డు దాటి చూసి రమ్మన్న మామ

ఎదురింటి గేటుకు రంగు వేస్తున్నారు. ఎనామిల్ వాసన కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగిలితే చాలు, నాకు దావీదు మామ పక్కనే ఉన్నట్టుంటుంది. కాశిబుగ్గలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మాకు చుట్టం కాడు, కానీ వీధిలో పిల్లలందరికీ మామే.

చిత్రకళ కాలేజీ ప్రవేశ పరీక్ష తప్పి నేను ముఖం వేలాడేసుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో, తనతో పనికి రమ్మన్నాడు. మొదటిది ఒక టైలర్ దుకాణం బోర్డు. పది గీతలు గీశానో లేదో నిచ్చెన దిగమన్నాడు, రోడ్డు దాటి అవతలి నుంచి చూసి రమ్మన్నాడు. ఆటోలను తప్పించుకుంటూ వెళ్లి చూస్తే, పైన ఎంతో ముద్దుగా కనిపించిన అక్షరం తాగినవాడిలా ఒరిగి ఉంది. వచ్చి కిరోసిన్ గుడ్డతో తుడిచాను. మళ్లీ పది గీతలు, మళ్లీ రోడ్డు. చాయ్ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండి, ఎందుకీ తిరుగుడని అడిగేశాను.

“దగ్గరుంటే అన్నీ మంచిగనే కనవడ్తయ్ బిడ్డా,” అన్నాడు మామ. “బోర్డు సదివేటోడు నిచ్చెన మీద ఉండడు గదా.”

అలా రెండేళ్లు రోడ్లు దాటాను. ఆ కాలంలో వేసిన బొమ్మలు పంపితే ఫ్లోరెన్స్‌లో ఒక చిత్రకళా పాఠశాల సీటిచ్చింది. అంతకుముందు దరఖాస్తు పంపేటప్పుడు అందులో గురువు పేరు అడిగారు. బోర్డులు రాసే మనిషి పేరు చూస్తే సీటివ్వరేమోనని భయపడి, సొంతంగా నేర్చుకున్నానని రాశాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇల్లలకగానే పండగ కాదు. మొదటి మూడు నెలలు చూసి, పనికిరాని వాళ్లను ఇంటికి పంపేస్తారట. క్లాసులో అందరూ కాగితానికి అతుక్కుపోయి ఎదురుగా పెట్టిన సున్నపురాతి తల విగ్రహాన్ని చూసి గీస్తుంటే, నేను నాలుగు గీతలకోసారి వెనకగోడ దాకా వెళ్లి చూసి వచ్చేదాన్ని. నవ్వేవాళ్లు అక్కడా నవ్వారు. మా పెద్ద టీచరమ్మ మాత్రం నవ్వకుండా నన్నే గమనిస్తూ ఉండేది.

మూడో నెల చివర నన్ను గదిలోకి పిలిచింది. ఎదురుగా నా దరఖాస్తు. దూరం వెళ్లి చూడటం నేర్పడానికే తమకు ఏడాది పడుతుందని, ఇది ఎవరికీ సొంతంగా రాదని, నీకెవరు నేర్పారని అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో మామ సంగతంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. పెన్ను నా చేతికిచ్చి, ఆ అబద్ధం కొట్టేసి ఆయన పేరు రాయమంది. ఆ తర్వాతే, నువ్వు ఇక్కడే ఉంటున్నావని చెప్పింది.

ఆ రోజే మామకు ఫోన్ చేసి, చేసిన తప్పుతో సహా అంతా చెప్పాను.

“పేరుదేమున్నది బిడ్డా,” అన్నాడు. “జర పని మంచిగ చెయ్యి.”

పేరుదేమున్నది అన్న మనిషే, ఆ సాయంత్రం చర్చి నుంచి చాయ్ కొట్టు దాకా ఎవర్నీ వదలకుండా ఆ పేరు సంగతి చెప్పుకున్నాడని మామ భార్య, మా అత్తమ్మ, తర్వాత చెప్పింది.

మామ ఇప్పుడు లేడు. సభల్లో నన్ను ఫ్లోరెన్స్‌లో చదివిన చిత్రకారిణి అని పరిచయం చేస్తారు. మైకు అందుకోగానే నేను కాశిబుగ్గ దావీదు మామ శిష్యురాలినని చెబుతాను. ఫ్లోరెన్స్ సంగతి ఆ తర్వాతే.