సాంచాల మోతల నేను చెప్పిన పాఠం

మాది సిరిసిల్ల. మా ఆయన మరమగ్గాలు నడుపుతడు, వాటిని మేం సాంచాలంటం. నేను అక్కడనే కండెలు చుడుత. జగిత్యాల కాలేజీల టూరిజం చదివే మా బిడ్డ పోయినేడు తన క్లాసోళ్లను, సారును మా కార్ఖానకు తోల్కచ్చింది. చూడవచ్చినోళ్లకు అన్నీ వివరంగ చెప్పుడే దాని పరీక్ష. సాంచాల మోతల దాని మాట ఒక్కళ్లకూ ఇనిపియ్యలే. పిల్లలు నవ్విన్రు.

"జరంతసేపు బంద్ చేపియ్యి" అని సారు అరిచిండు.

"బంద్ చేస్తే మా నాయిన కూలి పోతది సార్. చూడవచ్చినోళ్లతోని ఊరోళ్లకు నష్టం కావద్దని మీరే చెప్పిన్రు" అని అదీ అరిచింది. కానీ దాని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

నాకు రోషమచ్చింది. సాంచాల కాడ మేం చేతులతోనే మాట్లాడుకుంటం. ముందుకు పోయి రెండు వేళ్లు టక్కున విడదీసి, పోగు తెగిందని చూపెట్టిన. మీసం మెలేసి, తలుపు దిక్కు చూపెట్టిన. కార్ఖాన యజమాని ఆసామి అస్తున్నడని అందరికీ సమజైంది. పిల్లలంత నాలెక్కనే చేసుడు వెట్టిన్రు. సారు సుత లేని మీసం మెలేసిండు.

ఈమె ఎవరని సారు చెయ్యి తిప్పి అడిగిండు. నా బిడ్డ నన్ను చూపెట్టి, మా అమ్మ అన్నట్టు ఎదమీద చెయ్యేసుకున్నది.

బడి మొఖం చూడని నేను గా దినం కాలేజీకి పాఠం చెప్పిన. ఇయ్యాల సుత ఈ ముచ్చట నేను చెప్తుంటె నా బిడ్డ రాసుకుంటున్నది.