మూరెడు నీడ

ఎడారి దేశంలోని కరామా పేటలో గోవా వంటల హోటలుకి పాతకాలపు పోర్చుగీసు ఇంటి పోలికతో ముందుభాగం కడుతున్నాడు మేస్త్రి పర్శరాములు. ఆ దొరలు గోవా ఎండకీ వానకీ తాళలేక గుమ్మం ముందు పెంకుల చూరు దింపి, దాని కింద అరుగులు వేసుకున్నారట. ఇక్కడి ప్లానులో అరుగు నిండుగానే ఉంది, చూరు మాత్రం జానెడే. ఏ అరుగు కట్టినా ముందు తానే బాసింపట్టు వేసుకుని, వీపు గోడకానించి చూడటం పర్శరాములు అలవాటు. మధ్యాహ్నం విరామంలో అలాగే కూర్చుని, పెనం మీద చెయ్యి పడ్డట్టు లేచాడు.

“సార్, చూరు ఇంకో మూరెడు గుంజుదాం. కూసున్నోళ్లు కాలిపోతరు.”

“కూర్చునేదెవరయ్యా? జనమంతా లోపల ఏసీలో ఉంటారు. ఇది ఫొటోలకే. ఖలాస్!” అన్నాడు సూపర్‌వైజర్ శ్యాంప్రసాద్.

“ఫొటోలకైతే పెయింటర్‌ను పిలిస్తే సరిపోతుండె. నన్నెందుకు పిలిచిండ్రు?” అని గొణుగుతూ తాపీని బకెట్లోకి విసిరేశాడు.

హోటలు తెరిచాక ఒక మధ్యాహ్నం, ఉండబట్టలేక చూడటానికి వచ్చాడు. పార్సిళ్ల కోసం బయటే ఆపేసిన బైకువాళ్లు నలుగురు, అంత పొడుగు అరుగు ఖాళీగా ఉన్నా ఎండలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. పర్శరాములు అరుగెక్కి, చూరు అంచున మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. సన్నటి నీడ కింద బండ మీద పడింది.

“గింతే గద సారూ!” అన్నాడు, వినే సారు అక్కడ లేకపోయినా.