ఒట్టు ఇదే చివరిది

ఆస్పత్రి ముందుగదిలో రోగులకు వరుస చీటీలిచ్చే గుమాస్తా ఆవిడ. అందరూ చీటీలమ్మ అంటారు. చేత్తో రాసి రాసి విసుగెత్తి, యాభయ్యో ఏట పట్టుబట్టి ప్రోగ్రామింగ్ నేర్చుకుని, నంబర్లిచ్చే ప్రోగ్రాం తానే రాసింది. ఒకసారి అందులో ఏదో మార్చబోతే మొత్తం మొరాయించి, పొద్దున్నంతా రోగులు నానా తిప్పలు పడ్డారు. అప్పటినుంచి కామా కదపాలన్నా ముందు నకలు తీసేది. 'చివరిది', 'అసలు చివరిది', 'ఒట్టు ఇదే చివరిది'... ఇలాంటి పేర్లతో ఒక ఫోల్డరులో ఇరవై ఆరు నకళ్లు పోగయ్యాయి.

ముసలివాళ్లకు ముందు చీటీ వచ్చేలా మార్చాలని ఏడాదిగా ఆశ. కర్ర పట్టుకుని గంటలకొద్దీ నిలబడేవాళ్లను చూస్తే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. కానీ ప్రోగ్రాంలో వేలు పెట్టాలంటే గుండె దడ.

ఆదివారం మధ్యాహ్నం తోటికోడలు ఆ ఫోల్డరు చూసి పకపకా నవ్వింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల మరి.

"ఇన్ని ఒట్లేంటక్కా! పనిచేసేది ఒక్కటుంచు చాలు. గిట్ పెడతా. ఏం మార్చినా అదే గుర్తుపెట్టుకుంటుంది. చెడిపోతే పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు."

"నిజంగా వస్తుందా?"

"కావాలంటే చెడగొట్టి చూడు."

భోజనాల బల్ల మీదే రిపోజిటరీ, అంటే మార్పులన్నీ దాచిపెట్టే అర, తయారైంది. ఒక్కో మార్పును అందులో దాచడమే కమిట్ అని చెప్పి, మొదటిదానికి సందేశం రాయమంది తోటికోడలు. చీటీలమ్మ కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా కొట్టింది: 'గౌరవనీయులైన గిట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా...'

"సెలవు చీటీ కాదక్కా!" తోటికోడలు కడుపు పట్టుకుంది. "ఏం మార్చావో, ఎందుకు మార్చావో, ఒక్క ముక్క రాస్తే చాలు."

ఆ తరువాత చీటీలమ్మ కళ్లు మూసుకుని వంద లైన్లు తుడిచేసింది. ప్రోగ్రాం చచ్చి ఊరుకుంది. తోటికోడలు చెప్పిన ఒక్క కమాండ్ కొట్టింది. అన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి! మళ్లీ తుడిచింది, మళ్లీ తెచ్చింది. ఎంత సంబరమో చెప్పలేం. నాలుగోసారికి తోటికోడలు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

సాయంత్రానికల్లా ఏడాది ఆశ పదకొండు లైన్లలో తీరింది. ఈసారి సందేశం ఎవరినీ అడక్కుండా రాసుకుంది: 'ముసలివాళ్లకు ముందు చీటీ. వాళ్లు నిలబడలేరు, నేను చూడలేను.'

సోమవారం కర్రతో వచ్చిన ఒక పెద్దావిడ చీటీ తీసుకుని కుర్చీ వెతుక్కుంటుండగానే నంబరు పిలిచారు.

"అప్పుడే నేనా? ఇంకా కూర్చోనైనా లేదు కదమ్మా!" అంది ఆవిడ కాస్త కోపంగా.

చీటీలమ్మకు నవ్వాగలేదు.